అవ్వ చెయ్యి ఆగిన చోట

మా వైపు తల్లిని అవ్వ అంటాం. మా అవ్వ పసిపిల్లలకు నీళ్ళు పోసేది. అదొక ఉద్యోగం కాదు, ఎవరూ కట్టబెట్టిన పదవీ కాదు. భూపాలపల్లి దిక్కు చిట్యాల దగ్గర మా ఊళ్ళో ఏ ఇంట్లో కాన్పు అయినా, పిల్లకు బొడ్డు ఊడిందంటే మర్నాడు పొద్దున అవ్వకు పిలుపు వచ్చేది. పత్తి ఏరేది ఉన్నా, నాట్లు ఉన్నా, ముందు ఆ ఇంటికి పోయి పిల్లకు నీళ్ళు పోసి, ఊదు పొగ పట్టి, నిద్రపుచ్చి, అప్పుడు చేను దారి పట్టేది. బడిలో నా పక్కన కూర్చున్నవాళ్ళలో సగం మంది అవ్వ కాళ్ళ మీద స్నానం చేసినవాళ్ళే. నాకు అదంటే గర్వంగానూ ఉండేది, ఒళ్ళు మంటగానూ ఉండేది. ఎవరింట్లో పిల్ల పుడితే ఆ నెలంతా నా జడ నేనే వేసుకోవాలి మరి.

పెరట్లో పీట వేసుకొని, చీర పైకి దోపి, రెండు కాళ్ళూ ముందుకు చాపి కూర్చునేది. ఆ రెండు కాళ్ళ నడుమ పల్లంలో పిల్లను పడుకోబెట్టేది. ముందు నూనె. మాడు, వీపు, చేతులు, అన్నిటికన్నా చివర కాళ్ళు. కాళ్ళ దగ్గరే ఎక్కువసేపు పట్టేది. కడుపులో ముడుచుకొని పెరిగిన కాళ్ళు కదా, వాటిని సాపితేనే రేపు చక్కగా నడుస్తారని ఆమె నమ్మకం. బొటనవేళ్ళతో తొడలు ఒత్తుకుంటూ వచ్చి, మోకాలు పట్టి చాపేది, మళ్ళీ పొట్టకు ఆనేదాకా మడిచేది. పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. బాలింత కంగారుగా తొంగిచూస్తే, ఏడ్వనీ, ఏడిస్తేనే కీళ్ళు వదులైతయి అని కసిరేది. చిన్నప్పుడు ఆ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. నా ఇద్దరు పిల్లలకూ ఆమే పోసింది. వాళ్ళు ఏడ్చినప్పుడు నేనూ తొంగిచూసి కసుర్లు తిన్నాను.

ఇక మిగిలింది మా చెల్లె. జనగామలో ఉంటుంది. మరిదికి మహబూబాబాద్‌లో పని, రోజూ రైలుకు పోయి వస్తాడు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. తిరగని దవాఖాన లేదు, మొక్కని దేవుడు లేడు. అందరం ఆశ వదిలేసి, ఆ మాట ఎత్తడమే మానేసిన తరువాత, నిరుడు దానికి నెల తప్పింది. ఫోన్‌లో ఆ కబురు వినగానే అవ్వ దాన్ని నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. తరువాత, "ఊరోళ్ళ పిల్లలందరికి పోసిన. దాని పిల్లకు ఒక్కదానికి పోస్తె ఇగ పీట అటక మీద పెడ్త" అంది. ఆ రోజు నుంచి ఆమెకు ఇంకో ధ్యాస లేదు. నలుగుపిండికి పెసలు ఎండబోసింది కూడా. ఇంకా ఆరు నెలలు ఉంది కదనే అని నేను నవ్వాను.

నేను భూపాలపల్లిలో ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. మా ఆయన బొగ్గుబాయిలో పని చేస్తాడు కాబట్టి క్వార్టర్‌లో ఉంటాం. చెల్లెను చూడడానికి జనగామ పోదామని ఒక ఆదివారం అవ్వను ముందు ఊరి నుంచి మా క్వార్టర్‌కు స్కూటీ మీద తీసుకొస్తున్నాను. అప్పుడే వాన వెలిసింది. బొగ్గు లారీలు తిరిగే మలుపులో రోడ్డంతా నల్లటి బురద. బండి జారింది. వేగం లేదు, ఎదురుగా ఏదీ రాలేదు, ఊరికే పక్కకు ఒరిగి పడ్డాం. నాకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. బండి మాత్రం అవ్వ ఎడమ మోకాలి మీద పడింది. నేను లేచి చూసేసరికి మోకాలి కింది భాగం ఉండాల్సిన చోట లేదు, పక్కకు జరిగి ఉంది. అవ్వ అరవలేదు. చీర సరిచేయమని మాత్రం సైగ చేసింది.

ఆ పడడం గురించి నేనెప్పుడూ పెద్దగా కుమిలిపోలేదు. బురద నేను పోయలేదు. మెల్లగానే నడిపాను. బంధువులు వచ్చి, ఆడపిల్లవు బండి మీద ముసలిదాన్ని ఎందుకు ఎక్కించుకున్నవ్ అని దీర్ఘాలు తీస్తే, బస్సు మీరు వేయించండి, అందులో తెస్తాను అని ముఖం మీదే అన్నాను. నా బాధ అక్కడిది కాదు. దాని తరువాతది.

హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆపరేషన్ చేశారు. కీలు పూర్తిగా తప్పిందని, దాన్ని పట్టి ఉంచే లిగమెంట్లు తెగాయని, చుట్టూ కండ బాగా నలిగిందని డాక్టర్ చెప్పాడు. కొన్ని వారాలు కాలికి పట్టీ వేసి కదలనివ్వలేదు. తరువాత మెల్లగా వంచడం మొదలుపెట్టమన్నారు. అవ్వ మా క్వార్టర్‌లోనే ఉంది కాబట్టి, అది నేర్పడానికి భూపాలపల్లిలోనే ఒక ఫిజియో అమ్మాయి ఇంటికి వచ్చేది. అవ్వ తనంతట తాను ఎంత వంచగలిగితే అంతే వంచాలని, నూనె పెట్టి ఒత్తొద్దని, ఎవరూ బలం పెట్టి మడవొద్దని చెప్పింది. వాపు, వేడి ఎక్కువైతే ఆపేసి డాక్టర్‌కు చూపించాలంది. నేను అన్నిటికీ తలూపాను. క్లాసులో పిల్లలు నాకు ఊపినట్టే ఊపాను.

మొదట్లో కాస్త వంగింది. మంచం అంచున కూర్చుంటే కాలు కొద్దిగా కిందికి వేలాడేది. అవ్వ దాన్ని చూసుకొని మురిసిపోయేది. రెండు వారాలు పోయాక అదీ తగ్గింది. మోకాలి పైన తొడ ఎర్రగా, వేడిగా ఉండేది. కదిలిస్తే ముఖం చిట్లించేది. ఫిజియో అమ్మాయి చెయ్యి పెట్టి చూసి, ఒకసారి డాక్టర్‌కు చూపించి ఎక్స్‌రే తీయించండి మేడం అంది. సరే అన్నాను. బడిలో పరీక్షలు నడుస్తున్నాయి, సెలవు దొరకలేదు, ఈ వారం కాకపోతే పై వారం అనుకున్నాను. అసలు సంగతి చెప్పాలంటే, ఆ పిల్ల మరీ భయపడుతోందని నాకు అనిపించింది. వేలు పెడితే అరిగిపోతుందన్నట్టు పట్టుకుంటుంది, అట్ల పట్టుకుంటే ఏ కాలు వంగుతుందని లోపల్లోపల విసుక్కున్నాను.

చెల్లెకు అయిదో నెల నిండింది. అవ్వకు దిగులు మొదలైంది. పీట మీద కూర్చోవాలంటే ముందు నేల దాకా దిగాలి కదా, దిగాలంటే మోకాలు వంగాలి కదా. పొద్దున లేవగానే వాకర్ పట్టుకొని నిలబడి, ఎడమ కాలు కొద్దిగా మడవబోయి, ఆగిపోయి, నా వైపు చూసేది. ఒకరోజు అడిగింది: "దాని నెలలు నిండేవరకు నేను కింద కూసుంటనా బిడ్డా?" నాకు అలాంటప్పుడు ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఎవరి మీదో తెలియని కోపం. ఎందుకు కూసోవు, నేను కూసోబెడ్త అన్నాను.

పద్ధతి అవ్వే చెప్పింది. పసిపిల్లకు చేసినట్టే చెయ్యమంది. నూనె పెట్టి, తొడ పైనుంచి ఒత్తుకుంటూ రావాలి, తరువాత మడమ పట్టి కొద్దికొద్దిగా మడవాలి. ముడుచుకున్న కాలు సాగినప్పుడు, చాపుకున్న కాలు ముడుచుకోదా అని ఆమె లెక్క. నాకూ అది సబబుగానే తోచింది. చదువుకున్నదాన్ని, సైన్సు పాఠం చెప్పేదాన్ని, నా కళ్ళముందు పెరిగిన పిల్లలందరూ చక్కగా నడుస్తున్నారు కదా అనుకున్నాను. మా ఆయనది కొత్తగూడ వైపు. మా అత్త ఇప్పగింజల నూనె సీసా పంపించింది. ఆ అడవి ఊళ్ళలో నొప్పులన్నిటికీ అదే. నూనె గోరువెచ్చగా కాచి, బడి నుంచి రాగానే కూర్చునేదాన్ని.

ఆ సాయంత్రాలు నాకు ఇప్పటికీ చేతుల్లో ఉన్నాయి. అవ్వ మంచం మీద బోర్లా పడుకునేది. నేను మడమ పట్టుకొని పిరుదుల వైపు మడిచేదాన్ని. కాలు వణికేది. తువ్వాల అంచు పళ్ళ నడుమ పెట్టుకునేది. చాలా అవ్వా అంటే, "ఇంకా జర" అనేది. నాకు బడిలో ఒక అలవాటుంది. ఎక్కం రాని పిల్లను రానిచ్చేదాకా వదలను. అప్పగించేదాకా ఇంటికి పంపను. అదే మొండితనం ఇక్కడా చూపించాను. ఒకరోజు ఆమె ఏడ్చింది. నేను ఆపాలి. ఆపకపోగా ఏమన్నానో తెలుసా? ఏడ్వు, ఏడిస్తేనే కీళ్ళు వదులైతయి అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం కూడా. అవ్వ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మోకాలి పైన, తొడ ముందు భాగంలో ఒకచోట గట్టిగా తగిలింది. రాయిలాగా ఉంది. అవ్వను తడిమి చూడమన్నాను. కండ గడ్డకట్టింది, ఒత్తి ఒత్తి కరగదీయాలె అంది. ప్రసవాల తరువాత బాలింతల రొమ్ముల్లో పాలు గడ్డకడితే ఆమె అట్లనే కరగదీసేది. అందుకని ఇద్దరం దాన్నీ అట్లాంటిదే అనుకున్నాం. నేను రెండు బొటనవేళ్ళూ దాని మీద ఆనించి, ఒంటి బరువంతా వేసి ఒత్తాను. మర్నాడు కొంచెం పెద్దగా తగిలింది. ఇంకా ఒత్తాను. ఆ గడ్డ మీద ఎన్ని సాయంత్రాలు ఎంత పట్టుదలగా పని చేశానో తలుచుకుంటే ఇప్పుడు నా వేళ్ళు నాకే రోత పుట్టిస్తాయి.

చివరికి కాలు ఇంచు కూడా కదలని రోజు వచ్చింది. అప్పుడు పోయాం హనుమకొండకు. డాక్టర్ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించాడు. తొడ ఎముక ముందు, ఏమీ ఉండకూడని చోట, తెల్లగా ఒక పొర. పాలు పొంగి గిన్నె పక్కన ఎండిపోతే ఎట్లుంటుందో అట్లుంది. అది ఎముక అన్నాడు. కండలో ఎముక పుట్టిందన్నాడు. మోకాలు ఇంత ఘోరంగా దెబ్బతిన్నప్పుడు అప్పుడప్పుడు ఇట్లా జరుగుతుందట. ఒళ్ళు దెబ్బను బాగు చేసుకుంటూ, ఎముక అక్కర్లేని చోట కూడా ఎముకను పోసుకుంటుందట. అది మోకాలికి అడ్డుపడి, వంగనివ్వకుండా చేస్తోంది. మేము గడ్డ అనుకొని కరగదీయబోయింది దాన్నే. అవ్వ కదలకుండా ఆ బొమ్మ వైపే చూసింది.

అప్పుడు ఆయన మామూలుగా, కేస్ షీట్ మీద రాసుకుంటూనే అడిగాడు, ఎవరైనా నూనె పెట్టి గట్టిగా ఒత్తారా, బలవంతంగా మడిచారా అని. నా నోరు తెరుచుకుంది. అవ్వ నాకంటే ముందు అంది:

"నేనే ఒత్తుకున్న సారు. ఆగక."

ఆమె బోర్లా పడుకొని తన కాలు తానే మడుచుకోలేదని ఆయనకు తెలియదా? తెలిసే ఉంటుంది. నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ రాసుకున్నాడు. దెబ్బ పెద్దది కాబట్టి ఒత్తకపోయినా రావచ్చు, ఒత్తడం వల్ల ఎక్కువై ఉండొచ్చు, దేనివల్ల ఎంత అన్నది ఎవరూ చెప్పలేరు అన్నాడు. ఇప్పుడే తీయడం కుదరదట. ఆ ఎముక పెరగడం ఆగి, ముదిరిన తరువాత చూడాలి. ఏడాది పట్టొచ్చు, ఎక్కువే పట్టొచ్చు. తీసినా మళ్ళీ రావచ్చు. అవ్వ ఒక్కటే అడిగింది, రెండు నెలల్లో కింద కూసోవచ్చునా అని. డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

దారిలో కారు వెనక సీటు మీద కాలు చాపుకొని కూర్చుంది. నేను ముందు కూర్చున్నాను. నేనే ఒత్తాను సార్ అని ఒక్క మాట అనలేకపోయాను కదా అని నన్ను నేను తిట్టుకుంటూ వచ్చాను. క్షమాపణ చెప్పాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పరకాల కూడా దాటిపోయింది. ఆమె మాత్రం ఒకచోట కారు ఆపించి, నాకు ఇష్టమని ఉడకబెట్టిన పల్లికాయ కొనిపించింది. అది నా ఒళ్ళో ఉంది. ఒక్కటి కూడా తినలేదు.

ఇంటికి రాగానే చెల్లె ఫోన్ చేసింది. కాలు ఎట్లుందని అడిగింది. అవ్వ నవ్వు గొంతుతో, మంచిగ వంగుతుంది బిడ్డా, నీ పిల్లకు నేనే పోస్త, నువ్వు పరేషాన్ కాకు అంది. పక్క గదిలో నుంచి నేను విన్నాను. ఆ అబద్ధం నా కోసమే చెప్తోందని తెలుసు. చెల్లె నన్ను అనకూడదని. పొద్దున డాక్టర్ దగ్గరా నా కోసమే చెప్పింది. ఒకే రోజు నన్ను రెండుసార్లు కాపాడింది. దానికి నేను కృతజ్ఞతతో పోయి కాళ్ళ దగ్గర కూర్చోవాలి. కూర్చోలేదు. తప్పు చేసినవాళ్ళకు వచ్చే కోపం ఉంటుందే, అది వచ్చింది నాకు. గదిలోకి పోయి, ఆమె చేతిలో నుంచి ఫోన్ తీసి, కట్ చేసి, మంచం మీద వేసి, ఆ మాట అన్నాను.

"ఒత్తు ఒత్తు అని నాతోని ఒత్తిపిచ్చినవ్. నీకేం ఎరుకనే అవ్వా కీళ్ళ సంగతి? ఊళ్ళె పిల్లలందరి కాళ్ళు గిట్లనే గుంజినవ్ కదా. ఎవరికేమైందో ఎవరు చూసిన్రు?"

అవ్వ ముఖంలో కోపం కూడా రాలేదు. నేను అన్న మాటను పక్కన పెట్టుకొని నిదానంగా చూస్తున్నట్టు కూర్చుంది. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని వాటి వైపు చూసుకుంది. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేశాను.

మర్నాడే వెళ్ళి అన్నాను, తప్పయింది అవ్వా, కోపంల అన్న అని. "నువ్వన్నదాంట్ల తప్పేమున్నది బిడ్డా" అంది. దెప్పిపొడవడానికి అన్న మాట అయితే బాగుండేది. ఆమె నిజంగానే అట్ల అనుకుంటోంది. అది నాకు రెండు మూడు రోజుల్లో తెలిసింది. పక్క క్వార్టర్‌లో బాలింత తన పిల్లను తీసుకొచ్చి, అవ్వా, నూనె ఎట్ల పెట్టాలో జర చూపియ్యవా అంటే, నాకు చాతకాదు తల్లీ, డాక్టరమ్మను అడుగు అని పంపించేసింది. నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి, మా ఊళ్ళో బడి ఎదురింటి పిల్ల గురించి అడిగేది. ఆ పిల్ల ఎడమ కాలు ఈడ్చి నడుస్తుంది. ఇప్పుడు పెళ్ళయి పిల్లలున్న మనిషి. చిన్నప్పుడు జ్వరం వచ్చి కాలు పడిపోయిందని ఊరంతటికీ తెలుసు, అవ్వకూ తెలుసు. అయినా అడిగేది: "ఆ పిల్లకు జరం వచ్చింది నేను నీళ్ళు పోసినంక ఎన్నాళ్ళకు?" ఇంకొకరోజు ఇంకొకరి పేరు. వాడు పరుగెత్తలేడు కదా, దీనికి తొందరగా మోకాళ్ళ నొప్పులు వచ్చినయి కదా. ఊళ్ళో తన కాళ్ళ మీద పడుకున్న ఒక్కొక్కరినీ పిలిచి నడిపించి చూసుకుంటోంది, కూర్చున్న చోటి నుంచే.

ఫిజియో అమ్మాయిని పిలిపించాను. నేనే ఒత్తానని ఆ పిల్లకు చెప్పాను. ఆమె నన్ను ఏమీ అనలేదు, అదీ ఒక శిక్షే. పసిపిల్లల సంగతి అవ్వకు నువ్వు చెప్పమ్మా అని బతిమాలాను. ఆ పిల్ల ఓపికగా కూర్చొని చెప్పింది. దెబ్బ తిన్న మోకాలు వేరు, పసిపిల్లల ఒళ్ళు వేరు. మెత్తగా నూనె రాస్తే పిల్లలకు మంచిదే, గట్టిగా గుంజొద్దు అంతే అంది. అవ్వ అంతా విని, ఆ పిల్ల పోయిన తరువాత నాతో అంది, గుంజొద్దంటున్నది కదా అని. మిగతాదంతా ఆమెకు వినిపించలేదు. నేనింక ఏం చెప్పగలను? ఆమె చేతుల మీద ఊరు ఊరంతా పెట్టుకున్న నమ్మకాన్ని కూతురు ఒక్క నిమిషంలో ఊడబెరికింది. దాన్ని మళ్ళీ పెట్టడం ఎట్లనో నాకు తెలియదు.

ఆ సంవత్సరమే చెల్లెకు ఆడపిల్ల పుట్టింది, జనగామలో. మామూలుగా కాన్పుకు కూతురు పుట్టింటికి రావాలి. ఈసారి పుట్టిల్లే కాలు చాపుకొని జనగామ పోయింది. కారులో అవ్వ, ఆమె వాకర్, నలుగుపిండి డబ్బా, ఊరి నుంచి తెప్పించిన పీట. పీట తెమ్మని చెప్పింది చెల్లె. దానికి అప్పటికే కాలు సంగతి తెలిసింది, నేనే చెప్పాను. ఎక్స్‌రే గురించి చెప్పాను, నేను ఒత్తిన సంగతి చెప్పాను. నేనన్న మాట మాత్రం చెప్పలేదు. దానికి నోరు రాలేదు. చెల్లె మంచిది. నువ్వు కావాలని చేసినవా అక్కా అని నా చెయ్యి పట్టుకుంది. కాలు వంగకపోతే ఏమాయె, నీళ్ళు పోసేటప్పుడు ఎట్లనూ కాళ్ళు చాపుకునే కూసుంటరు కదా, ఇద్దరం పట్టి అవ్వను దింపుదాం అంది. నాకు తట్టని ఉపాయం దానికి తట్టింది. ఆ ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది.

పాపకు బొడ్డు ఊడింది. మర్నాడు పొద్దున నీళ్ళు కాగాయి. అవ్వ మాత్రం, మీ అక్క పోస్తది, నేను పక్కన కూసుంట అంది. చెల్లె నవ్వుతూనే ఒప్పుకోలేదు. అవ్వ పట్టు వదలకపోయేసరికి, చివరికి నేనే పీట మీద కూర్చున్నాను. పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకున్నాను. నూనె చేతికి రాసుకున్నాను. తొడ మీద బొటనవేలు ఆనిందో లేదో, వెనక్కి తీసేశాను. ఆ గడ్డ గుర్తొచ్చింది. అంత మెత్తటి తొడలో ఏ గడ్డా లేదు, ఉండదు, నాకు తెలుసు. అయినా చెయ్యి రాలేదు. భయంతో పట్టుకున్న చేతిని పిల్లలు పసిగడతారు. పాప జారుతున్నట్టయి కెవ్వుమంది. నీళ్ళు కళ్ళల్లో పడ్డాయి. అవ్వ కుర్చీలో నుంచి నా చేతుల వైపు చూసింది.

"జరుగు" అంది.

ఇద్దరం చెరో వైపు పట్టుకొని అవ్వను దింపాం. ఆమె బరువు నా భుజం మీద పడింది. వంగని కాలు ముందుకు కర్రలాగా నిలబడింది, దాన్ని నేను రెండు చేతులతో పట్టి నేల మీద పెట్టాను. పీట మీద సర్దుకొని, చీర పైకి దోపుకుంది. ఎడమ మోకాలు పూర్తిగా చాపుకోదు, కొద్దిగా లేచి ఉంటుంది. దాని కింద తువ్వాల మడిచి పెట్టమంది. పాపను అందుకుంది. అంతే, పాప ఊరుకుంది. అన్ని నెలల తరువాత నేను అవ్వ చేతులను అట్ల చూశాను. మాడు మీద నూనె అద్దింది. వీపు నిమిరింది. చేతులు చాపి, ముడిచి, గుండెల మీద అడ్డంగా పెట్టి, మళ్ళీ చాపింది. ముక్కు సరిచేసింది. గదువ కింద, మెడ మడతల్లో మురికి తీసింది. చెల్లె తలుపుకు ఆనుకొని కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. నేను చెంబుతో నీళ్ళు అందిస్తున్నాను. నాకు ఎంత సంతోషంగా ఉందంటే, ఇక అంతా సర్దుకుందనే అనుకున్నాను.

నడుము దాకా వచ్చింది. తొడల దగ్గర చెయ్యి ఆగింది. ఒక్క గడియ గాలిలోనే ఉండిపోయింది. తరువాత ఆ చెయ్యి కాళ్ళను దాటిపోయి నీళ్ళ చెంబును అందుకుంది. కాళ్ళ మీద ఊరికే నీళ్ళు పోసింది, వేలు తగలకుండా.

చెల్లె అడిగింది: "కాళ్ళు సాపుడు మరిచినవేందే అవ్వా?"

"మరువలే బిడ్డా" అంది అవ్వ.

చెల్లె నా వైపు చూసింది, ఏమిటన్నట్టు. నేను చెంబు నింపుతున్నట్టు బకెట్ లోకి వంగాను. అవ్వ పాపను తువ్వాలలో చుట్టి, నా ముఖం చూడకుండా నా చేతుల్లో పెట్టింది. గుడ్డ లోపల ఆ కాళ్ళు పుట్టినప్పటిలాగానే పొట్ట దగ్గరికి ముడుచుకొని ఉన్నాయి.